శనివారం కాగితం: బడికీ ఇంటికీ మధ్య చరిత్ర

తాడిపత్రికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేసిన రోజుల్లో నేనొక అలవాటు పెట్టుకున్నాను. ప్రతి శనివారం సాయంత్రం ఒక కాగితం రాసి పిల్లల చేత ఇళ్ళకు పంపేవాణ్ణి. ఆ వారం ఏ పాఠం చెప్పానో, ఏ లెక్కలు చేయించానో, ఎవరు ఎన్నిరోజులు రాలేదో, వచ్చే వారం ఏం చెప్పబోతున్నానో అందులో ఉండేది. పరీక్షల తర్వాత ప్రోగ్రెస్ కార్డు మీద తల్లిదండ్రుల చేత వేలిముద్ర వేయించుకోవడం కంటే ఇది ప్రజాస్వామికమైన పద్ధతి అని నా నమ్మకం. కొంచెం గర్వం కూడా ఉండేది.

మూడో వారం ఒక తల్లి బడికి వచ్చింది. ఆమె నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. పనినుంచి నేరుగా వచ్చినట్టుంది, మోచేతుల దాకా రాతిపొడి అంటుకుని ఉంది. మడత విప్పని నా కాగితాన్ని నా చేతిలోనే పెట్టి అడిగింది: "ఏం సార్, మా పిల్లోడు ఏమన్నా తప్పు జేసినాడా? కాయితం వచ్చిందంటే మాకు బయమైతాది."

తప్పేమీ లేదనీ, పిల్లవాడు బాగా చదువుతున్నాడనీ చెప్పి పంపాను. కాని ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ ఇంటికి అంతవరకూ వచ్చిన కాగితాలేమిటి? అప్పు తీర్చమని నోటీసు, కోర్టు సమను, శిస్తు బాకీ. పైనుంచి వచ్చే కాగితం అడగడానికే వస్తుందని మూడు తరాల అనుభవం ఆమెకు నేర్పింది. అలాంటి ఇంటికి నేనూ ఒక కాగితం పంపాను. అక్షరం రాని తల్లికి, గ్రాంథిక వాసన వదలని తెలుగులో, జవాబు రాయడానికి చోటు కూడా వదలకుండా. బడి ఇంటికి ఏం చెప్పింది, ఎలా చెప్పింది, ఇంటి మాట బడి ఎప్పుడైనా విన్నదా అన్న ప్రశ్నతో నేను వెనక్కి చదవడం మొదలుపెట్టింది అప్పుడే.

మన ప్రాంతపు బడిని గురించి మనకు దొరికే మొదటి సమగ్ర నివేదిక 1823 నాటిది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో ఆ జిల్లా ఏర్పడేదాకా తాడిపత్రి బళ్ళారి జిల్లాలో భాగం. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల లెక్కలు అడిగితే, బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు ప్రకటించిన కాంప్‌బెల్ ఇతడే. దాదాపు తొమ్మిది లక్షల ఇరవై ఎనిమిది వేల జనాభాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. బడికి సగటున పన్నెండుమంది. మొత్తం జనంలో వెయ్యికి సుమారు ఏడుగురే చదువుకుంటున్నారు.

అంకెల కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అందులోని బడి వర్ణన. పిల్లవాడికి అయిదేళ్ళు రాగానే తల్లిదండ్రులు అయ్యవారినీ బడిపిల్లలనూ ఇంటికి పిలుస్తారు. అందరూ వినాయకుడి చుట్టూ కూర్చోగా పిల్లవాడి వేలు పట్టించి బియ్యంలో రాయిస్తారు. మర్నాటినుంచి బడి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాస్తాడు. రెండో వాడి చేతిలో సున్న చుడతాడు. మెప్పూ లేదు, తప్పూ లేదు అని దాని అర్థం. మూడో వాడికి చిన్న దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన వాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ.

ఆలోచించి చూస్తే బడినుంచి ఇంటికి చేరిన మొదటి వార్త ఈ అరచెయ్యే. పిల్లవాడు ఇంటికొచ్చి చెయ్యి చాపితే చదువురాని తల్లికి కూడా సంగతి తెలిసేది. వీధి అరుగు మీద సాగే బడికి దాపరికమూ లేదు. ఎక్కాలు, పద్యాలు ఊరంతటికీ వినిపించేవి. అయ్యవారి జీతం పిల్లల ఇళ్ళనుంచే వచ్చేది కనుక అతడు సమాధానం చెప్పుకోవలసింది వాళ్ళకే.

అయితే ఇక్కడ ఆగి ఒక హెచ్చరిక చేసుకోవాలి. ఈ నివేదికలను 1983లో ధరంపాల్ తన గ్రంథంలో అచ్చువేసినప్పటినుంచి, బ్రిటిషువాళ్ళు రాకముందు మన చదువు పచ్చని చెట్టులా ఉండేదన్న వాదం బలపడింది. 1931లో లండనులో గాంధీజీ వాడిన ఉపమానం నుంచే ఆ గ్రంథానికి పేరు వచ్చింది. ఆ వాదంలో కొంత నిజముంది. కాంప్‌బెల్ లెక్కలో బ్రాహ్మణ విద్యార్థులు 1,185 మంది అయితే శూద్రులుగా నమోదైనవారు 2,998 మంది. చదువు ఒక్క కులం సొత్తు అన్న ప్రచారానికి అది జవాబు. కాని అదే పట్టికలో మరో అంకె ఉంది. 6,641 మందిలో బాలికలు 60 మంది! నా దగ్గరకు రాతిపొడి చేతులతో వచ్చిన తల్లికి ఆ చెట్టు నీడ ఏనాడూ దక్కలేదన్నమాట. అర్థం తెలియని పద్యాలు వల్లెవేయించడమే చదువుగా ఉండేదని కూడా కాంప్‌బెల్ రాశాడు. కాబట్టి వీధి బడిని స్వర్ణయుగంగా చూపడం చరిత్రకు అన్యాయం. అందులో జీతం ఇవ్వగలిగినవాడికే మాట చెల్లేది.

ఆ వీధి బడులైనా ఎందుకు మూతపడ్డాయి? ఒక కలెక్టరు కలంనుంచి రావడం వల్ల కాంప్‌బెల్ సమాధానానికి విలువ ఎక్కువ. దేశం పేదబడిపోవడమే కారణమన్నాడు. సీమగుడ్డల దిగుమతితో ఇక్కడి నేతపనివారి రాబడి పడిపోయిందనీ, దేశపు ధనం యూరపుకు తరలిపోతోందనీ, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేదనీ దాచకుండా రాశాడు. మన్రో 1826లో బడి పంతులు నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదించలేకపోతున్నాడని గుర్తించాడు. మగ్గం ఆగిన ఇంట్లో పలక కూడా ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చింది సర్కారు వారి తనిఖీ. పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో మద్రాసు రాష్ట్రంలో 'ఫలితాన్ని బట్టి గ్రాంటు' పద్ధతి ప్రవేశించింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవాణ్ణీ పరీక్షిస్తాడు; ఎందరు గట్టెక్కితే అంత గ్రాంటు. దీనితో ఉపాధ్యాయుడి ముఖం ఇంటివైపు నుంచి ఇన్‌స్పెక్టరువైపు తిరిగింది. హాజరు పట్టీ, అడ్మిషను రిజిస్టరు, తనిఖీ పుస్తకం అన్నీ పైకి పోయే రాతలే. పిల్లవాడి చదువు గురించి అందరికంటే ఎక్కువ రాత ఈ కాలంలోనే పుట్టింది. దాన్ని చదివే హక్కు లేకుండా పోయింది మాత్రం అతణ్ణి కన్నవాళ్ళకు. బడి జవాబుదారీతనం అడ్డంగా, ఊరివైపు ఉండాల్సింది, నిలువుగా, కచేరీవైపు తిరగడమే వలసపాలన చేసిన మార్పు.

ఇంకొక గోడ భాష. బళ్ళో తెలుగు వేరు, ఇంట్లో తెలుగు వేరు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్సు, ప్రజలు మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. స్వయంగా పర్లాకిమిడిలో బడిపంతులు అయిన గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను జీవితకాలపు ఉద్యమం చేశాడు. వ్యావహారిక భాషా వివాదాన్ని మనం సాధారణంగా కావ్యాల, వచన రచనల పోరాటంగా చదువుకుంటాం. నిజానికి అది బడి గడప దగ్గర మొదలయిన తగవు. వ్యావహారికం గెలిచిందని సాహిత్య విద్యార్థులు పరీక్షల్లో రాస్తారు. గెలిచి ఉంటే, ఇంకా సర్క్యులర్లలో 'తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా' అని ఎందుకు రాస్తున్నాం? గిడుగు 1940లో మరణించాడు. నా మొదటి శనివారం కాగితం కూడా ఆ మాటతోనే మొదలయిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలు తల్లిదండ్రులను తిరిగి బడిలోకి పిలిచాయి. 1998లో రాష్ట్రం పాఠశాల విద్యలో సామాజిక భాగస్వామ్య చట్టం చేసింది. 2009 విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగంమంది స్త్రీలు కావాలంది. పిల్లవాడి హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి తల్లిదండ్రులకు క్రమంగా చెప్పడం ఉపాధ్యాయుడి విధి అని కూడా అదే చట్టం నిర్దేశించింది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజున ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. 2025 జూలైలో రెండోసారి జరిగినప్పుడు ముఖ్యమంత్రి వచ్చింది మన పాత అనంతపురం జిల్లాలోని కొత్తచెరువుకే. ఇవి మంచి అడుగులే, కాదనను. కాని 2011 జనాభా లెక్కల్లో అనంతపురం జిల్లా స్త్రీల అక్షరాస్యత సుమారు 54 శాతం. కమిటీలో కుర్చీ ఇచ్చి, చదవలేని తీర్మానం కింద వేలిముద్ర అడిగితే అది భాగస్వామ్యం అవుతుందా?

మళ్ళీ నా కాగితం దగ్గరకు వస్తాను. ఆ తల్లి వచ్చిపోయిన తర్వాత మూడు మార్పులు చేశాను. రాత నాది కాకుండా పిల్లలది చేశాను. శనివారం చివరి గంటలో వారమంతా ఏం జరిగిందో వాళ్ళే చెప్తారు, వాళ్ళ మాటల్లోనే రాస్తారు. ఇంటికెళ్ళి రాత్రి అన్నాల వేళ పైకి చదివి వినిపిస్తారు. కాగితంలో సగం ఖాళీగా వదిలాను. అమ్మ, నాయన, అవ్వ ఏమన్నారో పిల్లలే అక్కడ రాసుకు రావాలి. ఫ్రాన్సులో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు 1924లో తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చి పిల్లల రాతలను అచ్చువేయించి ఇళ్ళకూ ఇతర బడులకూ పంపాడని నేను చాలా కాలం తర్వాత చదివాను. మన దగ్గర అచ్చుయంత్రం లేదు, కార్బను కాగితం ఉంది.

మొదటి సోమవారం వచ్చిన జవాబులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఒక పాప రాసింది: "వచ్చే వారం సెనక్కాయలు పీకల్ల. నేను బడికి రాను. తమ్ముణ్ణి ఎత్తుకోను ఎవురూ ల్యారు." హాజరు పట్టీలో ఈ పాప పేరు పక్కన నేను ఎన్నో సంవత్సరాలు 'ఆ' అని, అంటే ఆబ్సెంటు అని, ఒక్క అక్షరం రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క అక్షరం కింద వానాధారపు చేను, కూలి మనిషిని పెట్టుకోలేని ఇల్లు, చంటిబిడ్డ ఇన్ని ఉన్నాయని పట్టీ నాకు చెప్పలేదు. మరొక కుర్రవాడి నాయన చెప్పింది ఇది: "సార్, లెక్కల్లో బండల అడుగులు కొలిచేది నేర్పు. గుత్తాయన మమ్మల్ని మోసం జేస్తాండాడు." ఆ వారం వైశాల్యం పాఠం పుస్తకంలో ఉన్నట్టు చెప్పలేదు. పిల్లలను పాలిష్ బండల దగ్గరకు తీసుకెళ్ళి టేపుతో కొలిపించాను. తండ్రి లెక్క కొడుకు సరిచూశాడు. గుత్తేదారు నా మీద పై అధికారులకు ఫిర్యాదు చేశాడు. బడినుంచి పైకి మరొక కాగితం పోయింది, సంజాయిషీ కాగితం! దాన్ని రాసిచ్చాను కాని, కొలత పాఠం ఆపలేదు.

ఇప్పుడు నా శిష్యురాలొకామె అదే తాలూకాలో టీచరు. తన తరగతి విశేషాలను పిల్లల గొంతుల్లో రికార్డు చేసి శనివారం తల్లుల ఫోన్లకు పంపుతుంది. అక్షరం రాని తల్లి వింటుంది, గొంతుతోనే జవాబిస్తుంది. అరచేతిలో రాసిన సరస్వతి పేరునుంచి అరచేతిలోని ఫోను దాకా సాధనాలు మారాయి. ప్రశ్న మారలేదు: జవాబు చెప్పే హక్కు ఇంటికి ఉందా?

రచయితలకు ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మనమూ ప్రజలకు కాగితాలు పంపేవాళ్ళమే. వాళ్ళ కోసం రాస్తున్నామని అనుకుంటాం. వాళ్ళకు అందే భాషలో రాశామా, సగం పేజీ వాళ్ళకు వదిలామా అని చూసుకోవడం తక్కువ. నా కాగితాన్ని మడత విప్పకుండా తిరిగి ఇచ్చిన ఆ తల్లి, నాకు తెలిసినంతలో, నా రచన మీద వచ్చిన మొదటి విమర్శకురాలు. ఆరునెలల తర్వాత ఒక సోమవారం ఆమె కొడుకు తెచ్చిన కాగితంలో ఆమె జవాబు ఒకే ఒక్క వాక్యం: "ఈ వారం కాయితం రాలేదేం సార్?"