పసుపు మంట పెట్టిన చిక్కు

ఉన్నత పాఠశాలలో లవణవిశ్లేషణ మొదలుపెట్టిన విద్యార్థికి తొలుత ఎదురగువానిలో జ్వాలా పరీక్ష యొకటి. ప్లాటినమ్ తీగ కొనను గాఢ హైడ్రోక్లోరికామ్లములో ముంచి, లవణపు పొడిని అద్ది, బున్సెన్ బర్నరు మంటలో పెట్టవలెను. లోహముల క్లోరైడులు సులభముగా ఆవిరియగును గనుకనే ఆమ్లముతో పని. కాల్సియమ్ అయినచో ఇటుక ఎరుపు, స్ట్రాన్షియమ్ అయినచో చిక్కని ఎరుపు, బేరియమ్ అయినచో లేత ఆకుపచ్చ, పొటాసియమ్ అయినచో లేత ఊదా అని పుస్తకము చెప్పును. కాని విద్యార్థికి కనబడునది చాలమారులు పసుపే! తీగను వ్రేలితో తాకినను చాలును, చెమటలోని ఉప్పు మంటను పసుపు చేయును. పప్పుచారు పొంగి పొయ్యిలో పడినపుడు వంటింట కనబడు రంగును ఇదియే. ఇది విద్యార్థులకే కాదు, పండితులకును నూరేండ్లు కొరుకుడుపడలేదు.

1752లో స్కాట్లండు దేశీయుడు థామస్ మెల్విల్, సారాయి మంటలో లవణములు వేసి, ఆ వెలుగును పట్టకముగుండా చూచి, పసుపు రంగు ఒకే నియతస్థానమున కనబడుటను గమనించెను. 1758లో బెర్లినులో మార్‌గ్రాఫ్ రెండు విధములైన సురేకారములను మండించి చూచెను. మామూలు సురేకారము నీలిఛాయతో మండినది. సోడా నుండి చేసినది పసుపు వెలుగునిచ్చినది. చూపునకు రెండును తెల్లని స్ఫటికములే. అప్పటికి సోడియమ్, పొటాసియమ్ అను పేర్లే పుట్టలేదు. డేవీ ఆ లోహములను వేరుచేసినది 1807లో.

మార్‌గ్రాఫ్ పరీక్ష సరియైనదే. చిక్కెల్లను మరియొకచోట వచ్చినది. తరువాత ఛాయాచిత్రకళకు మూలపురుషులలో ఒకడైన టాల్బట్, 1826లో వివిధ పదార్థములను మండించగా, ఉప్పు లేదనుకొన్న కఱ్ఱ, దంతము, కాగితము కూడ అదే పసుపు గీతను చూపెను. వీనియన్నిటిలోను సమానముగా ఉన్నదేది? నీరేమోయని ఆయన ఊహించెను. ఆ ఊహ తప్పేకాని తర్కములో లోపము లేదు. ఉప్పు అన్నిచోట్ల ఇంత కొద్దిగా వ్యాపించియుండునని ఎవరు తలతురు? 1856లో విలియమ్ స్వాన్ ఈ ముడి విప్పెను. అత్యల్పమైన సోడియమ్ సైతము ఆ గీతను చూపగలదనియు, దుమ్ములో ఉన్నది చాలుననియు ఆయన తెలిపెను.

ఇక కావలసినది తనకంటూ రంగులేని మంట. జర్మనీలోని హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయములో రాబర్ట్ బున్సెన్ 1855 ప్రాంతమున, యంత్రకారుడు డెసాగా చేతిపనితో, గాలిని ముందుగానే కలుపుకొని దాదాపు వర్ణరహితముగా మండు బర్నరును సిద్ధపరచెను. అయినను పసుపు పీడ వదలలేదు. 1858లో ఆయన ప్రయోగశాలలోని కార్ట్‌మెల్, మంటను నీలి గాజుగుండా చూచు పద్ధతిని ప్రచురించెను. కోబాల్టు గాజు పసుపును మ్రింగివేసి, పొటాసియమ్ ఊదాను పోనిచ్చును. నేటి పాఠశాలలలో వాడు చిట్కా ఇదియే.

1859లో సహోద్యోగియైన భౌతికశాస్త్రజ్ఞుడు కిర్కాఫ్, రంగుగాజులకు మారుగా పట్టకమును వాడుమని సూచించెను. వారు కట్టిన తొలి వర్ణపటదర్శినికి దేహము ఒక చుట్టల పెట్టె! కంటికి ఒకేరీతి ఎరుపుగా తోచు లిథియమ్, స్ట్రాన్షియమ్‌లు గీతలలో స్పష్టముగా విడిపోయినవి. ఒకనాడు 60 ఘనమీటర్ల గదిలో దూరపు మూల 3 మిల్లీగ్రాముల సోడియమ్ క్లోరేటును పాలచక్కెరతో కలిపి మండింపగా, కొన్ని నిమిషములకు మంట పసుపు గీతను చూపెను. మిల్లీగ్రాములో 30 లక్షలవ వంతుకంటె తక్కువ సోడియమ్‌ను గుర్తింపవచ్చునని వారు లెక్కకట్టిరి.

1860లో డుర్క్‌హైమ్ ఊటనీటిలో ఎవరికిని తెలియని రెండు నీలి గీతలు కనబడెను. అది సీసియమ్. దానిని చేతికి తెచ్చుకొనుటకు 44 టన్నులకు పైగా నీటిని ఇగిర్చవలసివచ్చినది. లభించిన సీసియమ్ క్లోరైడు సుమారు 7 గ్రాములు. మరుసటి యేడు లెపిడొలైట్ ఖనిజములోని ఎరుపు గీతలు రుబీడియమ్‌ను చూపెను.

ఇచ్చట ప్లాట్‌నర్ సంగతి చెప్పక తీరదు. 1846లో ఫ్రైబర్గులో ఆయన పొలుసైట్ అను ఖనిజమును విశ్లేషింపగా భాగములన్నియు కలిసి 92.75 శాతమే అయినవి. మిగిలినది ఏమైనదో ఆ నిపుణునికి అంతుపట్టలేదు. ప్లాటినమ్ క్లోరైడుతో పొటాసియమ్ పసుపు అవక్షేపమునిచ్చును. సీసియమ్‌ను అట్లే ఇచ్చును. పొటాసియమ్ పరమాణుభారము 39, సీసియమ్‌ది 133. బరువైనదానిని తేలికదిగా లెక్కించుటచే మొత్తము తగ్గినది. 1864లో పిసానీ ఈ సంగతి బయటపెట్టెను. తేడాను సర్దివేయక ఉన్నదున్నట్లు ప్రకటించుట ప్లాట్‌నర్ గొప్పతనము. లేనిచో పిసానీకి ఆధారమే ఉండెడిది కాదు.

పసుపు గీత తెలుగునేలమీదను ఒకమారు ప్రసక్తికి వచ్చినది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుండి పరిశీలించెను. సూర్యుని అంచున లేచు జ్వాలల వర్ణపటము మెరయు గీతలని తేలినది. గ్రహణము లేకయే వానిని చూడవచ్చునని ఆయన మరునాడే అచ్చట ఋజువుపరచెను. ఆ గ్రహణమును చూచినవారు పలువురు అందలి పసుపు గీతను సోడియమ్‌దే అనుకొనిరి. ఆ అక్టోబరులో ఇంగ్లండున లాక్యర్ పరిశీలింపగా అది సోడియమ్ స్థానములో లేదు. సోడియమ్ జంటగీతలు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉండగా, ఇది 587.6 వద్ద ఉన్నది. భూమిపై ఆ వాయువు, అనగా హీలియమ్, 1895లో రామ్సే చేతికి క్లీవైట్ అను యురేనియమ్ ఖనిజము నుండి చిక్కినది. రామ్సే పంపిన గొట్టమును చూచి గీత అదియేయని నిర్ధారించినవాడు క్రూక్స్. 1861లో ఒక్క ఆకుపచ్చ గీతను పట్టుకొని థాలియమ్‌ను కనుగొన్నవాడు ఆయనయే.