పిల్లలు చాలక మూతపడ్డ బడి

అమెరికాలో హైస్కూలు పిల్లల మీద వచ్చిన సినిమాల్లో బాగా పేరు తెచ్చుకున్న ఒక సినిమాని ఒక మూతపడ్డ బడిలో తీశారు. ఆ బడి ఎందుకు మూతపడిందో తెలుసా? పిల్లలు చాలక. ఈ ముక్క చదివిన పూట నాకు ఇంకో పని తోచలేదు.

బడి పేరు మెయిన్ నార్త్ హైస్కూలు. ఊరు షికాగో శివార్లలోని డెస్ ప్లేన్స్. 1970లో తెరిచి 1981లో తాళం వేశారు. పదకొండేళ్ళు! మన ఊళ్ళో బడి గోడలకి రెండోసారి సున్నం వేయించడానికే అంత కాలం పడుతుంది. రెండో ప్రపంచయుద్ధం నుంచి సిపాయిలు తిరిగొచ్చాక అమెరికాలో ఉయ్యాలలు ఖాళీ లేకుండా ఊగాయి. 1957లో ఒక్క ఏడాదే 43 లక్షల మంది పుట్టారు. ఇక ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకుని ఊరూరా బడులు కట్టేశారు. తీరా 1967 నాటికి పుట్టేవాళ్ళు 35 లక్షలకి దిగారు. ఆ పిల్లలు హైస్కూలు ఈడుకొచ్చేసరికి బెంచీలు మిగిలిపోయాయి.

అలా మిగిలిన బెంచీల మధ్యకి 1984 వసంతంలో జాన్ హ్యూస్ అనే ఆయన కెమెరా పట్టుకొచ్చాడు. ఆయన పుట్టింది 1950లో, అంటే ఆ ఉయ్యాలల కాలంలోనే. పక్కనే ఉన్న నార్త్‌బ్రూక్‌లో, గ్లెన్‌బ్రూక్ నార్త్ హైస్కూల్లో చదివి 1968లో బయటపడ్డాడు. షికాగోలో లియో బర్నెట్ అనే ప్రకటనల కంపెనీలో వ్యాపార ప్రకటనలు రాశాడు, 'నేషనల్ లాంపూన్' అనే హాస్యపత్రికలో కథలు రాశాడు. 1982 జులై 4, 5 తేదీల్లో, దేశమంతా స్వాతంత్ర్య దినం టపాసులు కాల్చుకుంటుంటే, ఈయన కూర్చుని 'ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' స్క్రిప్టు రాసేశాడు. రెండంటే రెండు రోజులు. ఆ పేరు కూడా సొంతం కాదు. ఒక స్నేహితుడి కొడుకు చదివే బడిలో, పొద్దున్నే వచ్చి శిక్ష అనుభవించే పిల్లల్ని ముద్దుగా అలా పిలిచేవారట.

కథంటూ పెద్దగా ఏమీ లేదు. శనివారం సెలవునాడు అయిదుగురు పిల్లల్ని బడి లైబ్రరీలో కూర్చోబెడతారు. ఒకడు కుస్తీ వీరుడు, ఒకడు మార్కుల పురుగు, ఒకడు రౌడీ, ఒకమ్మాయి డబ్బున్న ఇంటి బిడ్డ, ఇంకొకమ్మాయి ఎవరితోనూ కలవని మూగమొద్దు. 'మీరెవరో మీరే వ్యాసం రాయండి' అని మేష్టారు హుకుం జారీ చేసి గడియారం చూస్తాడు. ఏడు గంటల ఆరు నిమిషాలు. ఇంకా ఎనిమిది గంటల యాభైనాలుగు నిమిషాలు కూర్చోవాలి. వాళ్ళు కూర్చుంటారు, కబుర్లాడుకుంటారు. సినిమా అంతే, 97 నిమిషాలు. మనకి గోడకుర్చీ వేయించడం తెలుసు, బెంచీ ఎక్కించడం తెలుసు. 'కదలకుండా కూర్చో, నీ గురించి నువ్వే ఆలోచించు' అనే శిక్ష మాత్రం మన మేష్టార్లకి తట్టలేదు. తట్టకపోవడమే మంచిదయిందేమో.

ఆ బడిలో అసలు లైబ్రరీ ఇరుకు, కెమెరా తిరగదు. అందుకని జిమ్నాజియంలో ఏకంగా రెండంతస్తుల లైబ్రరీ సెట్టు వేశారు. పిల్లల కోసం కట్టిన బడిలో పిల్లల్లేరు, ఆటల గదిలో ఆటల్లేవు, పుస్తకాలు మాత్రం దొంతర్లు దొంతర్లుగా వచ్చి కూర్చున్నాయి. మార్చి నుంచి మే దాకా షూటింగ్. మామూలుగా సినిమాని ముక్కలు ముక్కలుగా, కుదిరిన వరసలో తీస్తారు. దీన్ని మాత్రం మొదటి సీను ముందు, చివరి సీను చివర, కథ నడిచిన వరసలోనే తీశారు. అయిదుగురూ ఒకరికొకరు నిజంగానే కొత్తగా మొదలై నిజంగానే దగ్గరైనట్టు కనబడడంలో ఆ వరసకీ వాటా ఉంది. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుని తాము ఇక్కడికి ఎందుకొచ్చిపడ్డారో చెప్పుకునే సీనులో, 'మీ నోటికొచ్చింది చెప్పండి' అని హ్యూస్ నటులకే వదిలేశాడు. మూగమొద్దు పిల్ల ఒక బొమ్మ గీస్తుంది. దాని మీద మంచు కురవాలి కదా, తల విదిలించి చుండ్రు రాలుస్తుంది. ఆ చుండ్రు నిజానికి తురిమిన పర్మెజాన్ చీజ్.

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టం మధ్యాహ్నం భోజనాల సీను. క్యారేజీ మూత తీస్తే ఇంటి గుట్టు బయటపడుతుందని మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. హ్యూస్ ఆ సంగతి మాటల్లో చెప్పకుండా బల్ల మీద పరిచాడు. డబ్బున్న పిల్ల సూషీ తీసి చిన్న గిన్నెలో సాస్ పోసుకుంటుంది. సినిమా వచ్చిన 1985లో చాలామంది అమెరికన్లకి పచ్చి చేప తినడమంటే మనకి ఎంతో వాళ్ళకీ అంతే వింత. కుస్తీ పిల్లాడి సంచీలోంచి సాండ్‌విచ్‌లు, చిప్స్, బిస్కెట్లు, పాలు, పళ్ళు ఒకదాని వెనక ఒకటి దిగుతూనే ఉంటాయి. ఆ తిండి వాడికి కాదు, వాడి నాన్నకి కావలసిన పతకానికి. మార్కుల పిల్లాడికి అమ్మ సూపు పోసి, అంచులు కోసేసిన సాండ్‌విచ్ పెట్టి పంపింది. మూగపిల్ల తన సాండ్‌విచ్‌లోని మాంసం ముక్కని పైకి విసిరేసి, రొట్టె మధ్య పంచదార పొడీ కరకరలాడే చిరుతిండీ కూరి నములుతుంది. ఆ పిల్ల తిండి పట్టించుకునేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. రౌడీ ముందు ఏమీ లేదు. వాడు పక్కవాడి సంచీ లాక్కుని వెక్కిరిస్తాడు. కులం, వర్గం, కుటుంబం మీద నవలకి నవల రాసినా అంత తేటగా రాదు.

సినిమాలో బడి పేరు షెర్మర్ హైస్కూలు, ఊరు షెర్మర్, పిన్‌కోడు 60062. ఆ కోడు నార్త్‌బ్రూక్‌ది. నార్త్‌బ్రూక్ 1923 దాకా షెర్మర్‌విల్. పాత పేరుకి మచ్చ పడిందని ఊరివాళ్ళు మార్చుకుంటే, అరవై ఏళ్ళ తర్వాత హ్యూస్ ఆ మచ్చనే తుడిచి మెరుగు పెట్టి తన సినిమాల్లో చాలావాటికి ఊరుగా చేసుకున్నాడు. కథల్లో మాత్రమే ఉన్న మాల్గుడికి రైలెక్కుదామని స్టేషన్లో అడిగేవాళ్ళ గురించి వింటుంటాం కదా, అమెరికాలోనూ ఆ బాపతు ఉంది. కెవిన్ స్మిత్ 1999లో తీసిన 'డాగ్మా'లో ఇద్దరు సోంబేరులు షెర్మర్ వెతుక్కుంటూ ఇల్లినాయ్ దాకా వచ్చి, అసలు అలాంటి ఊరే లేదని తెలుసుకుని ఉసూరుమంటారు.

ఊరి మీది ఈ బెంగకి వైద్యుల పుస్తకాల్లో పాత పేరుంది. 1688లో యోహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లండులోని బాజెల్లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో, ఇల్లు వదిలి దూరదేశాల్లో ఉన్నవాళ్ళకి వచ్చే రోగానికి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. గ్రీకులో ఇంటికి తిరిగి రావడం ఒక ముక్క, నొప్పి ఇంకో ముక్క. రోగం కాస్తా మెల్లగా రసం అయింది. ఆ మధ్య శతాబ్దాలన్నీ దాటేద్దాం. ఆనాటివాళ్ళకి ఇంటి మీద బెంగ ఉండేది గానీ పదహారేళ్ళ వయసు మీద ఉండేది కాదు. 'టీనేజర్' అనే మాట జనం నోళ్ళలో నానింది 1940ల్లోనే. 1955లో జేమ్స్ డీన్ నటించిన 'రెబెల్ వితౌట్ ఎ కాజ్' వచ్చింది. 1973లో జార్జ్ లూకస్ 'అమెరికన్ గ్రఫీటీ' తీశాడు, కథ 1962లోది. పదకొండేళ్ళ కిందటి రాత్రి కోసం అప్పుడే కళ్ళనీళ్ళు.

మెయిన్ నార్త్ బతికింది కూడా పదకొండేళ్ళే. జ్ఞాపకం ముదరడానికి అమెరికాలో అదే లెక్క కాబోలు.

నాకు అనుమానమేమిటంటే, ఇవాళ అందరూ 1980ల జ్ఞాపకం అంటూ గుండెకి హత్తుకునేది సగం 1960ల జ్ఞాపకం. 'బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' మొదట్లో కెమెరా బడి గోడల మీదుగా వెళుతుంది. అక్కడ ఒకప్పటి మేటి విద్యార్థి ఫొటో, కింద 1969. ఆ ఫొటోలో ఉన్న కుర్రాడే ఇప్పుడు ఆ బడిలో చీపురు పట్టుకున్న కార్ల్. ఆ సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు, చూసినవాడికి చూసినంత. హ్యూస్ బడి వదిలిన మరుసటేడే అది. ముప్ఫైనాలుగేళ్ళ మనిషి తన ఈడువాణ్ణి ఆ గోడకి వేలాడదీసి, అతని కళ్ళముందు ఈనాటి పిల్లల్ని కూర్చోబెట్టాడు.

ఇంకో చోద్యం. పిల్లల సినిమానే అయినా దానికి 'ఆర్' రేటింగు ఇచ్చారు. అంటే పదిహేడు నిండనివాళ్ళు పెద్దవాళ్ళ తోడు లేకుండా హాల్లోకి వెళ్ళకూడదు. పెద్దవాళ్ళ మీద ఫిర్యాదుల సినిమా పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూడాలన్నమాట! ఈ ముడి విప్పింది వీడియో కేసెట్టు. ఇంట్లో టీవీలోంచి రికార్డు చేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరిలో తీర్పిచ్చింది. అద్దె కేసెట్ల దుకాణాలు వీధివీధినా మొలిచాయి. హాల్లో చూడలేనివాళ్ళు ఇంట్లో చూశారు, పదిసార్లు చూశారు, డైలాగులు కంఠతా పట్టారు. 1989లో వచ్చిన ఇంకో హైస్కూలు సినిమా 'హెదర్స్' హాళ్ళలో బోర్లాపడి, కేసెట్లలో లేచి కూర్చుంది.

కేసెట్టంటే గుర్తొచ్చింది. మా బావ న్యూజెర్సీ నుంచి వస్తూ సూట్‌కేసు అడుగున చీరల మధ్య నాలుగు కేసెట్లు దాచి తెచ్చాడు. వీధిలో పిల్లలందరం చేరి వీసీఆర్‌లో పెట్టాం. బొమ్మలో రంగుల్లేవు, అదీ కింది నుంచి పైకి దొర్లుతోంది. వాళ్ళ కేసెట్టు ఎన్‌టీఎస్‌సీ అనే వీడియో పద్ధతిది, మన మిషను పాల్ అనే వేరే పద్ధతిది. టేపు మెల్లగా తిరగడంతో గొంతులన్నీ సాగిపోయి, హీరోయిన్ మాటలు కూడా బొంగురుగా పలికాయి. 'అమెరికా అమ్మాయిలు ఇలా మాట్లాడతారా బావా' అని మా చెల్లెలు అడిగింది. అయినా ఎవరూ లేవలేదు, గంటసేపు ఆ దొర్లే బూడిదరంగు బొమ్మల్నే చూశాం.

పోయిందని నేను బాధపడేది ఆ కేసెట్ల గురించి కాదు. అయిదుగురు పిల్లలు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటే చాలు, జనం డబ్బులిచ్చి చూస్తారన్న నమ్మకం పోయింది. సుమారు పది లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమా ఒక్క అమెరికాలోనే నాలుగున్నర కోట్లకి పైగా వసూలు చేసింది. అందులో పేలింది ఏదీ లేదు, ఒక్క తలుపు అద్దం తప్ప.

అలాగని అన్నిటినీ నెత్తిన పెట్టుకోలేం. హ్యూస్ ముందు సినిమా 'సిక్స్‌టీన్ కేండిల్స్'లో లాంగ్ డక్ డాంగ్ అనే ఆసియా కుర్రాడు కనబడినప్పుడల్లా వెనక గంట మోగిస్తారు, నవ్వమని. ఆ రోజుల్లో అమెరికా బడుల్లో చదివిన మనవాళ్ళ పిల్లలకి ఆ గంట ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోండి. ఆ సినిమాల కథానాయిక మాలీ రింగ్‌వాల్డ్, ఎవరి ఫొటో బల్ల ముందు పెట్టుకుని హ్యూస్ 'సిక్స్‌టీన్ కేండిల్స్' స్క్రిప్టు రాశాడో ఆ పిల్ల, 2018లో 'న్యూయార్కర్'లో ఒక వ్యాసం రాసింది. అప్పుడు తమాషాగా చూపించిన చేష్టలు ఇప్పుడు చూస్తే ఒళ్ళు జలదరిస్తోందంటూనే, ఆ సినిమాలు ఎందరికో తోడు నిలిచాయని కూడా ఒప్పుకుంది. ప్రేమా నిష్ఠూరమూ కలిపి అంత నిజాయితీగా రాసినవాళ్ళని నేను తక్కువ చూశాను.

హ్యూస్ 2009 ఆగస్టులో న్యూయార్కులో పొద్దున నడకకి వెళ్ళి గుండె ఆగి పోయాడు. 59 ఏళ్ళు. మెయిన్ నార్త్ బడి ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసుల చేతికి పోయింది. పిల్లల్ని బంధించి కూర్చోబెట్టిన సినిమా తీసిన చోటికి పోలీసులు రావడం కథకి సరిగ్గానే అతికింది.

2015లో పార్క్ రిడ్జ్‌లో, అదే స్కూల్ డిస్ట్రిక్టుకి చెందిన మెయిన్ సౌత్ హైస్కూల్లో ఆఫీసు గదులు మారుతున్నారు. పాత ఇనప బీరువా సొరుగు లాగితే కాగితాల మధ్య ఒక స్క్రిప్టు దొరికింది. 'ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్', తేదీ 1983 సెప్టెంబరు 21. షూటింగ్‌కి బడి ఇవ్వాలంటే ముందు స్క్రిప్టు చదవాలని డిస్ట్రిక్టు అధికారులు అడిగి తెప్పించుకున్న ప్రతి అది. చదివారు, ఒప్పుకున్నారు, ఫైల్లో పెట్టారు, ముప్ఫై ఏళ్ళకి పైగా మర్చిపోయారు.