నీడ, స్తంభం, శవం: తెలుగు బాలసాహిత్యంలో భయానకం

నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లులో, కుందూరు చోడుల నాటి ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళిన పిల్లవాడు లోపలికి తొంగిచూసి అడిగేది ఒక్కటే: ఆ నీడ ఎవరిది? త్రికూటాలయంలోని ఒక గర్భగృహంలో, శివలింగం వెనుక గోడమీద, స్తంభాకారమైన ఛాయ పగలంతా నిలిచి ఉంటుంది. ఆ ఛాయకు మూలమైన స్తంభం ఏదో ఎంత వెదకినా తేలదు. వేర్వేరు దిక్కుల నుంచి మండపంలో ప్రవేశించిన వెలుతురు స్తంభాల నడుమ చెదిరి, పలు నీడలు ఒకదానిపై ఒకటి పడి ఒక్కటిగా కనిపిస్తాయని భౌతికశాస్త్రం చెప్పే సమాధానం పెద్దలకు తృప్తినిస్తుంది. కానీ ఆ సమాధానం వినడానికి ముందు, పెద్దవారి చేయి పట్టుకుని, చీకటిగదిలోకి అడుగు వేయడమా మానడమా అని తటపటాయించే ఆ క్షణమే, పిల్లలకోసం భయంగొలిపే కథలు అల్లినవారూ బొమ్మలు గీసినవారూ తరతరాలుగా ఆశ్రయించిన క్షణం. ఆ క్షణాన్ని తెలుగువారు ఎట్లా మలచుకున్నారో, దానికి ఏ హద్దులు గీశారో, ఆ హద్దులు ఎక్కడ చెదిరాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భయాన్ని కళావస్తువుగా తూచి చూసిన శాస్త్రం మనకు కొత్తది కాదు. నాట్యశాస్త్రం భయానకరసానికి చెప్పిన విభావాలలో వికృతధ్వనులు, భూతదర్శనం, నక్కల కూతలు, గుడ్లగూబలు, శూన్యగృహాలు, అరణ్యాలు ఉన్నాయి. రసమీమాంసను విస్తరించిన రసార్ణవసుధాకరం ఈ నల్లగొండ సీమలోని రాచకొండను ఏలిన సింగభూపాలుని పేరిట వెలసింది. అయితే ఆలంకారికులు సహజభయాన్ని ఉత్తమప్రకృతి గల పాత్రకు ఆపాదించలేదు. ధీరుడు భయపడడు, భయపడవలసినవాడు ప్రేక్షకుడే. శాస్త్రంలో వర్గభేదంగా మొదలైన ఈ నియమం కథల్లోకి, బొమ్మల్లోకి దిగేసరికి మరొక ప్రయోజనాన్ని సంతరించుకుంది: ఒకే దృశ్యంలో కథానాయకునిది వీరం, దాన్ని చూస్తున్న బాలునిది భయానకం, ఆ రెండింటి మధ్య దూరమే బాలునికి రక్ష.

ఈ అమరికకు తెలుగునాట ఆదిరూపం నరసింహావతారం. యాదగిరిగుట్ట, మట్టపల్లి, వాడపల్లి అనే మూడు ప్రసిద్ధ నృసింహక్షేత్రాలు ఉన్న పాత నల్లగొండ జిల్లాలో, అక్షరం రాకముందే పిల్లలు చూసే మొదటి భీకరరూపం తరచుగా అదే. స్తంభం చీల్చుకుని వచ్చి ప్రేవులు తీసిన ఆ మూర్తిని సమీపించడానికి దేవతలూ చివరకు లక్ష్మీదేవీ జంకినప్పుడు, వెరపు లేక దగ్గరికి వెళ్ళినవాడు పిల్లవాడైన ప్రహ్లాదుడని భాగవతం చెబుతుంది. పోతన తెలుగు చేసి ఇంటింటికీ చేర్చిన ఈ ఘట్టంలో భయానికి కారణమైన రూపమే అభయాన్నిచ్చే రూపం కావడాన్ని భక్తితత్త్వంగా మాత్రమే చదవడం చాలదని నా అభిప్రాయం. బాలల భయానకకథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పిన కథాశిల్పం కూడా అందులో ఉంది.

రెండవ ధార బేతాళకథలది. దాని మూలం వెదికితే శాతవాహనుల ఆస్థానకవిగా ఐతిహ్యం చెప్పే గుణాఢ్యుని బృహత్కథ దాకా పోవాలి. పిశాచాల భాషలో, తన నెత్తురుతో రాసిన ఏడు లక్షల గ్రంథాన్ని రాజు నిరాకరించగా, అడవిలో మృగాలకు చదివి వినిపిస్తూ ఒక్కొక్క పుటనూ అగ్నికి ఆహుతి చేశాడన్న ఆ గాథ, భూతకథలకు లోకం మొదటినుంచీ ఇచ్చిన స్థానాన్ని సూచిస్తున్నది: విద్వత్సభలో తిరస్కారం, అరణ్యంలో ఆదరం. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన ఇరవై అయిదు బేతాళకథలూ, పదిహేనవ శతాబ్దంలో తెలంగాణ కవి కొరవి గోపరాజు తెనిగించిన సింహాసన ద్వాత్రింశికా విక్రమార్కుణ్ణి తెలుగువారి సొంతం చేశాయి. ఈ కథల చట్రం అసాధారణమైనది. మౌనంగా శవాన్ని మోస్తున్న రాజుకు శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ దాచితే తల పగులుతుంది, చెబితే మౌనం భగ్నమై శవం చెట్టెక్కుతుంది. అంటే ఇక్కడి భయం దుష్టునికో అవిధేయునికో శిక్ష కాదు. తెలిసిన సత్యాన్ని దాచినవానికి మాత్రమే అది ప్రమాదం. పైగా చివరకు రాజును, అతణ్ణి శవం కోసం పంపిన భిక్షువు కుతంత్రం నుంచి కాపాడేది ఆ బేతాళుడే.

ఈ కథలు శతాబ్దాలపాటు కాగితంపై కన్నా గొంతులో, గుడ్డపై ఎక్కువగా బతికాయి. చేర్యాల నకాషీలు వస్త్రాలపై ఎర్రని నేపథ్యంలో చిత్రించి ఇచ్చిన పటాలను విప్పుకుంటూ కులకథకులు రాత్రులు కథలు చెప్పేవారు. తోలుబొమ్మలాటలో రావణుడు తెరవెనుక దీపానికి దగ్గరయ్యేకొద్దీ పెద్దవాడయ్యేవాడు. ముద్రణ వచ్చిన తరువాత కూడా, పాలనలోనూ విద్యలోనూ ఉర్దూ రాజ్యమేలిన నిజాం సంస్థానంలో తెలుగు పుస్తకం పిల్లల చేతికి రావడం ఆలస్యమైంది. 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయాన్ని నెలకొల్పి, 1922లో నీలగిరి పత్రికను నడిపిన షబ్నవీసు వేంకట రామ నరసింహారావు వంటివారు పెద్దల చదువుకే పోరాడవలసి వచ్చిన కాలమది. ఆపైన 1946 నుంచి 1951 వరకు సాయుధపోరాటం, రజాకార్ల దౌర్జన్యం, సైనిక చర్య నల్లగొండ పల్లెలను కుదిపినప్పుడు, అక్కడి పిల్లలు నేర్చుకున్న భయం ఏ కథకుడూ కల్పించినది కాదు.

ఆ పల్లెలకు దూరంగా మద్రాసులో, 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి చందమామను ప్రారంభించారు. అంతకు రెండేళ్ళ ముందే న్యాయపతి దంపతులు 'బాల' పత్రికతో పిల్లలకు ప్రత్యేకమైన పత్రిక ఉండాలన్న ఆలోచనను స్థిరపరిచారు; చందమామ దానికి చిత్రకళాబలాన్నీ ముద్రణాబలాన్నీ జోడించింది. నాగిరెడ్డి, చక్రపాణి జంటే విజయా సంస్థ పక్షాన 1951లో పాతాళభైరవిని నిర్మించిందన్న విషయం ఇక్కడ అప్రస్తుతం కాదు. ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడు పిల్లలను జడిపించాడు, అయినా వాళ్ళు మళ్ళీ మళ్ళీ చూడాలని మారాం చేశారు. మాంత్రికుడు, గుహ, బలిపీఠం, చివరకు బుద్ధిబలంతో గెలిచే సామాన్యుడు అన్న సామగ్రికి జనాదరణ ఎంత ఉందో నిర్మాతలకు తెలిసివచ్చింది. మూడేళ్ళకు, 1954లో, చందమామలో 'తోకచుక్క' ధారావాహికగా వెలువడింది.

దాన్ని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా మకరదేవత, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం మొదలైన ధారావాహికలతో మూడు తరాల పిల్లల రాత్రులను ఆక్రమించారు. పత్రిక సంప్రదాయం ప్రకారం వాటిపై ఆయన పేరు ఉండేది కాదు. ప్రతి నెలా కథ ఒక అపాయం అంచున ఆగేది: గుహలో ఏదో కదిలేది, నీటిలోంచి ఏదో తలెత్తేది. ఆ నెలరోజుల నిరీక్షణే ఈ రచనల అసలు శిల్పమని చెప్పవచ్చు. భయాన్ని బాలుడు ఒంటరిగా ఒక్క రాత్రిలో మింగవలసిన పని లేకుండా, బడిలో తోటివారితో పంచుకుని, తర్కించి, ఊహించి లొంగదీసుకోవడానికి ఆ విరామం వీలు కల్పించింది. ఖడ్గవర్మ, జీవదత్తుడు వంటి నాయకులు జంటలుగా తిరగడం కూడా యాదృచ్ఛికం కాదనుకుంటాను. చీకట్లో ఒకడికి ఇంకొకడు తోడు.

ఈ ధారావాహికలకు రూపమిచ్చిన చిత్ర, అసలు పేరు టి.వి. రాఘవన్, చిత్రకళాశాలలో చదివినవారు కారు. ఎన్నడూ లేని జంతువులకు సైతం నడక, బరువు, చూపు ఉన్నట్లు గీయడం ఆయనకు స్వయంగా అబ్బిన విద్య. బేతాళకథలకు బొమ్మలు వేసిన శంకర్, అంటే కె.సి. శివశంకరన్, అందుకు భిన్నంగా మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి వద్ద శిక్షణ పొందినవారు. ఇద్దరూ తమిళులు. ఒకే బొమ్మ పలు భాషల సంచికల్లో అచ్చయ్యేది గనుక, తెలుగు అక్షరంతో నిమిత్తం లేకుండా భయాన్ని తెలియజేయవలసిన అవసరం వారి గీతకు ఏర్పడింది. శంకర్ బేతాళచిత్రంలో పుర్రెలు, మోడుబారిన చెట్టు, శ్మశానపు చీకటి, భుజాన శవం, రాజు చేత దూసిన కత్తి చూసినప్పుడు, నాట్యశాస్త్రపు విభావాల పట్టిక సిరాగీతలుగా మారిందా అనిపిస్తుంది. కథాశీర్షం ప్రతి నెలా అదే. మారేది లోపలి కథ ఒక్కటే. పిల్లవాడు గడప దగ్గర శ్మశానాన్ని దాటితే, లోపల ఎదురయ్యేది న్యాయాన్యాయాల చిక్కుముడి. పాత ఇరవై అయిదు కథలూ అయిపోయిన తరువాత, కొత్త కథలకు ఈ చట్రాన్ని తొడిగి వందల నెలలు నడపడం చందమామ సంపాదకవర్గపు ఘనత.

ఆ సంపాదకవర్గానికి 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆయువుపట్టు కొడవటిగంటి కుటుంబరావు. భౌతికవాదిగా, మార్క్సిస్టుగా, విప్లవ రచయితల సంఘం ప్రముఖుల్లో ఒకరుగా ప్రసిద్ధుడైన మనిషి నెలనెలా దయ్యాల, మాంత్రికుల కథలకు నగిషీ పెట్టడం కొందరికి వైరుధ్యంగా కనిపించింది. కానీ ఆ కథలను వరుసగా చదివితే, దయ్యం అక్కడ నమ్మించవలసిన సత్యంగా కాక, కథను నడిపే పాత్రగా మాత్రమే ఉంటుందని తెలుస్తుంది. మనుషుల దురాశ, పిరికితనం, మొండితనమే అసలు వస్తువు, దయ్యం తరచుగా మనిషికన్నా న్యాయబుద్ధి కలది. సరళమైన, అలంకారం లేని ఆ వాక్యం భయాన్ని ఉన్నంతలోనే చెప్పి పక్కకు తప్పుకునేది.

అదే కాలంలో పాశ్చాత్యలోకం వేరొక దారి పట్టింది. 'తోకచుక్క' మొదలైన 1954లోనే అమెరికాలో భయానక కామిక్సుపై సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఆ ఏడే ప్రచురణకర్తలు స్వీకరించిన నియమావళి నడిచే శవాలనూ పిశాచాలనూ నిషేధించింది. అక్షరాలా అన్వయిస్తే విక్రమార్కుని భుజంమీది శవం అక్కడ అచ్చుకు అనర్హం. బ్రిటన్ 1955లో, భారతదేశం 1956లో బాలలకు హానికరమైన ప్రచురణలపై చట్టాలు చేశాయి. హింసా క్రౌర్యాలతో పాటు జుగుప్సాకరమైన, ఘోరమైన సంఘటనల చిత్రణ కూడా మన చట్టం పరిధిలోకి వస్తుంది. ఆ ఆందోళన నిరాధారమని కొట్టివేయలేం. లాభంకోసం నెత్తుటిని మాత్రమే అమ్మిన పుస్తకాలు అక్కడ నిజంగానే ఉన్నాయి. అంతకు ముందు 1845లో జర్మనీలో వెలువడిన, హాఫ్‌మన్ అనే వైద్యుడు తన చిన్నకొడుకు కోసం బొమ్మలతో చేసిన పుస్తకంలో వేలు చీకే పిల్లవాడి బొటనవేళ్ళు కత్తిరింపబడతాయి. అన్నం తినకపోతే బూచోడు ఎత్తుకుపోతాడని మన ఇళ్ళలో చేసే బెదిరింపుకు అది అచ్చురూపం. బేతాళకథ ఈ రెండు కోవలకూ చెందదు. అది నెత్తుటిని అమ్మదు, బెదిరించి లొంగదీయదు.

అయినా ఆ సంప్రదాయాన్ని నిర్దోషమని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. రాక్షసుని నల్లగా, అడవిజాతుల వారిని నరబలి ఇచ్చే ఆటవికులుగా, మంత్రగత్తెను ఒంటరి ముసలిదానిగా గీయడం ఆ పత్రికల్లో వాడుక అయింది. బొమ్మలోని కథ బొమ్మతో ఆగితే దోషం చిన్నది. కానీ తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఒంటరి స్త్రీలనూ, వృద్ధులనూ, దళితులనూ కొట్టి చంపిన ఘటనలు మన కాలం దాకా సాగివచ్చాయి. ఆ హత్యలకు పిల్లల పత్రికలు కారణమనడం అతిశయోక్తి. ఆ మూఢత అచ్చుకన్నా ఎంతో పాతది, భూమి తగాదాలు, వైద్యం అందని జబ్బులు దాన్ని పోషించాయి. కానీ ఏ ముఖాన్ని చూసి భయపడాలో పిల్లవాడికి నేర్పినవారు, ఆ ముఖం పక్కింట్లో ఉండే అవ్వ ముఖాన్ని పోలి ఉందా అని ఒకసారి ఆలోచించవలసింది. ఆ ఆలోచన చేసిన జాడ ఆ బొమ్మల్లో కనిపించదు.

చిత్ర 1978లో కన్నుమూశారు. ఆ దశకం ముగిసేసరికి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ఆగి, పౌరాణిక గాథలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. టెలివిజన్ వచ్చి నెలరోజుల నిరీక్షణను అనవసరం చేసింది. 2007లో యాజమాన్యం మారిన చందమామ కొన్నేళ్ళకే నిలిచిపోయింది. ఐదు దశాబ్దాలకు పైగా ఆ కార్యాలయంలో గడిపిన సుబ్రహ్మణ్యం 2010 జనవరిలో విజయవాడలో మరణించారు. ఆయన నవలలు పుస్తకాలుగా, రచయిత పేరుతో, పాఠకుల చేతికి మళ్ళీ వచ్చాయి. శంకర్ 2020 సెప్టెంబరులో, తొంభై ఆరేళ్ళ వయసులో మరణించారు. మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు. ఎనభై అయిదేళ్ళు దాటిన తరువాత కూడా ఆయన పత్రికకోసం అదే శ్మశానాన్ని గీస్తూ వచ్చారు: నెలనెలా శవం చెట్టెక్కేది, రాజు మళ్ళీ దాన్ని దించి భుజాన వేసుకునేవాడు.