పేడపురుగునకు పెట్టిన పేరు



నేడు నేను మాటలాడబోవునది పేడపురుగును గూర్చి. నవ్వకుడు. రాజుల చరిత్రమును, కవుల చరిత్రమును ఇదే స్థలమునుండి పలువురు పెద్దలు మీకు వినిపించియున్నారు. పురుగునకు చరిత్రమేమి యని మీరడుగవచ్చును. పురుగు సంగతి యెట్లున్నను దాని పేరునకు గొప్ప చరిత్రము కలదు. దానిని చెప్పుటకు ముందు నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది.

ముప్పదియైదేండ్ల క్రిందటి మాట. నేనొక పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. ప్రకృతిశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు సెలవు పెట్టగా వారి తరగతికి నన్ను పొమ్మనిరి. నేను చదివినవి తర్కవ్యాకరణములు గాని పురుగుల శాస్త్రము గాదు. అంతకు ముందే యొక విజ్ఞానసర్వస్వములో ఈజిప్టువారి పవిత్రకీటకమును గూర్చి చదివియుంటిని గనుక దానినే పాఠముగా జెప్పితిని. ఆ దేశమువారు దేవుడని పూజించిన పురుగు మరేదియు గాదనియు, మన పొలముగట్లమీద పేడయుండలను దొర్లించుకొనిపోవునదియే యనియు నిస్సంశయముగా పలికితిని. దాని ముందుకాళ్ళకు వ్రేళ్ళుండవని కూడ పుస్తకములో నున్నట్లే చెప్పితిని.

మరునాడు వెనుకబల్లమీది బాలుడొకడు అగ్గిపెట్టె తెచ్చెను. వాడు ప్రొద్దుట పశువులను తోలి, పిమ్మట బడికి వచ్చువాడు. "పంతులుగారండీ, ముందుకాళ్ళకు వేళ్ళు లేవన్నారు గదండీ. దీనికున్నాయండి. సన్నగా ఉన్నాయి, చూడండి" అనెను. నేను చూడలేదు. "పుస్తకము అబద్ధమాడునా? నీ కన్నులే అబద్ధమాడుచున్నవి, కూర్చో" అంటిని. తరగతి యంతయు నవ్వెను. వాడు పెట్టె మూసికొని కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు వాడు మరేమియు తెచ్చి నాకు చూపలేదు. ప్రమాణములలో ప్రత్యక్షము మొదటిదని గురువులయొద్ద వల్లించినవాడను, ఆ దినమున ప్రత్యక్షమును అగ్గిపెట్టెలో నుంచి మూయించితిని.

ఇక కథలోనికి వచ్చెదను. ఈజిప్టువారి చిత్రలిపిలో ఈ పురుగు బొమ్మను 'ఖెపెర్' అని చదువుదురు. 'అగుట', 'ఉనికిలోనికి వచ్చుట' యని దాని యర్థము. ఉదయసూర్యుని రూపమైన ఖెప్రి దేవుని పేరు దానికి సంబంధించినదే. పురుగు ఉండను త్రోసికొనిపోవునట్లు దేవుడు సూర్యబింబమును ఆకాశమున త్రోసికొనిపోవునని వారి భావన. రాతితోను, గాజుపూత పూసిన పదార్థముతోను ఈ బొమ్మలను లెక్కకు మిక్కిలిగా చేసి తాయెత్తులుగా ధరించిరి, ముద్రలుగా వాడిరి, మృతుల గుండెలపై నుంచిరి. క్రీ. పూ. 14వ శతాబ్దమున మూడవ అమెన్‌హోటెప్ అను రాజు తన రాణిని గూర్చియు, తాను వేటాడిన సింహములను గూర్చియు పెద్ద పెద్ద పురుగుబొమ్మల యడుగున చెక్కించెను. మన రాజులకు తామ్రశాసనములెట్టివో ఆయనకు అవి యట్టివి.

ఈ పురుగును వర్గములుగా విభజించిన ప్రాచీనుడు హోరాపోలో. ఈయన క్రీ. శ. 5వ శతాబ్దమువాడందురు. ఈయన పేర నున్న గ్రీకు గ్రంథము 1419లో ఒక గ్రీకుద్వీపమున దొరకెను. అందు ఈ పురుగు మూడు విధములని యున్నది. మొదటిది పిల్లి రూపు గలది, కిరణములు గలది, సూర్యునకు చెందినది. రెండవది రెండు కొమ్ములు గలది, చంద్రునిది. మూడవది ఒంటికొమ్ముది, హెర్మీసు దేవునిది. ఇందు ఆడుపురుగే లేదట. మగది ఉండను 28 దినములు మంటిలో పాతి తన సంతతిని తానే పుట్టించునట. దాని వ్రేళ్ళు ముప్పది, నెలకు దినములును ముప్పది యట. ఈ లెక్కను మనస్సున నుంచుకొనుడు. పురుగులకు వ్రేలనగా కాలిచివర నుండు సన్నని కణుపు. కాలికి ఐదు చొప్పున ఆరుకాళ్ళకు ముప్పది యగును. లెక్క పొందికగనే యున్నది. కాని పవిత్రకీటకమని నేడు మనమనుదానికి ముందుకాళ్ళ వ్రేళ్ళు పుట్టుకతోనే లేవు. ఇరువదియే యున్నవి. ఆ గ్రంథకర్త వేరొక పురుగును లెక్కించెనో, నెలను లెక్కించి పురుగునకు అంటగట్టెనో!

పదమూడు శతాబ్దములు గడచిన పిమ్మట స్వీడనుదేశమున లినేయసు అను మహాపండితుడు సమస్త ప్రాణులకును రెండేసి మాటల పేర్లు పెట్ట బూనెను. మొదటిమాట ప్రజాతి పేరు, రెండవది జాతి పేరు. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర నుండును. లినేయసు మాత్రము మన తెలుగువారివలె ఇంటిపేరును ముందుంచెను. 1758లో వెలువడిన ఆయన గ్రంథపు పదవ కూర్పున కీటకములన్నింటికిని మొదట నిలిపినది స్కరబేయస్ అను ఇంటివారిని. అందు మన పురుగునకు పెట్టిన పేరు స్కరబేయస్ సాకెర్. సాకెర్ అనగా లాటినుభాషలో పవిత్రము. తలయంచున ఆరు పండ్లు గలదని లక్షణము చెప్పి, రోమునగరములోని పాతస్తంభములపై ఈజిప్టువారు చెక్కినది దీనినే యని ఒక్క వాక్యము చేర్చెను. చిక్కంతయు ఆ వాక్యములోనే యున్నది. రాతిపై చెక్కిన బొమ్మకు తలయు రెక్కలు నుండును గాని, ఒకదానినొకటి పోలిన పది జాతులలో అది యేదియో తేల్చు సూక్ష్మలక్షణములుండవు. లినేయసు ఎదుటనున్న పురుగునకు రాతిలోని పురుగు గౌరవమును ఇచ్చివేసెను.

ఆ స్కరబేయస్ ఇల్లు పెద్ద ఉమ్మడికుటుంబము. అరువదికి పైగా జాతులు. కొబ్బరిచెట్ల మొవ్వు తినివేయు కొమ్ముపురుగు అందులోనిదే, చిగుళ్ళు మేయు పురుగులు, పూలపై వ్రాలు పసిమిపురుగులు అందులోనివే. అన్నదమ్ములు వేరుపడక తప్పలేదు. లినేయసు శిష్యుడైన ఫాబ్రిషియసు 1775లో నోటి నిర్మాణమునుబట్టి కొన్నింటికి వేరింటి పేర్లు పెట్టెను. ఈ ఫాబ్రిషియసునకు మన దేశపు పురుగులను సేకరించి పంపినవారిలో ముఖ్యుడు కోనిగ్ అను వైద్యుడు, ఆయనయు లినేయసు శిష్యుడే. తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశమెల్ల తిరిగి, 1785లో మన కాకినాడ జగన్నాథపురమున కన్నుమూసెను. ఆ వీథులలో తిరుగు మనకు ఆయన పేరు తెలియకపోవుట సిగ్గుపడదగిన విషయము.

ఉమ్మడియిల్లు వేరుపడినపుడు ఇంటిపేరెవరికి? మన న్యాయస్థానములలో దాయాదులు ఆస్తికై పోరాడినట్లు పండితులు దీనికై పోరాడిరి. 1801లో వెబర్ అనునాయన కొమ్ములు లేని పురుగులకు అట్యూకస్ అను పేరు కల్పించెను. గ్రీకుభాషలో 'ఆయుధము లేనిది' యని యర్థము. పవిత్రకీటకమును ఆ గూటనే చేర్చిరి. ఇక స్కరబేయస్ అను పాతపేరును కొందరు కొమ్ముల పురుగులకు కట్టబెట్టిరి. ఆ విధముగా దాదాపొక శతాబ్దము పవిత్రకీటకము తన యింటిపేరు గోల్పోయి అనేక గ్రంథములలో అట్యూకస్ సాకెర్‌గా తిరిగెను.

ఈ కాలమున ప్రముఖుడు లత్రెయ్ అను ఫ్రెంచివాడు. ఈయన మతాచార్యుడు. ఫ్రెంచివిప్లవములో బోర్డో నగరమున చెరసాలపాలయ్యెను. అచట నేలపై ప్రాకుచున్న యొక చిన్నపురుగు అరుదైనదని గుర్తించెను. చెరసాల వైద్యునిద్వారా అది బయటి కీటకపరిశోధకులకు చేరెను, వారు ఈయన గొప్పతనము నెరిగి పలుకుబడి నుపయోగించి విడిపించిరి. చెరలో నున్న యితరులెందరో ప్రాణములు గోల్పోయిరి. పురుగు పేరు తెలిసియుండుట మనుష్యుని బ్రతికించిన సందర్భము నాకు తెలిసినంతలో ఇదియొక్కటియే.

ఆ లత్రెయ్ ఈజిప్టు శిల్పములలోని కీటకములను గూర్చి 1819లో వ్యాసము వ్రాసెను. తరువాత కాయో అను యాత్రికుడు నైలునదికి ఎగువనున్న సెన్నారు ప్రాంతమునుండి బంగారువన్నె కలసిన పచ్చని పేడపురుగును తెచ్చెను. లినేయసు పేరుపెట్టినది నల్లనిది. సూర్యునికి ఉపమానమగునది నల్లనిదా, బంగారుపచ్చనిదా? ఈజిప్టువారు తమ తొలినివాసములలో చూచి పూజించినది ఈ పచ్చనిదే కావలెనని లత్రెయ్ తలచి దానికి ఈజిప్షియోరుమ్, అనగా 'ఈజిప్టువారిది' యని పేరు పెట్టెను. అనగా ఒక పురుగు 'పవిత్రము', మరియొకటి 'ఈజిప్టువారిది'. ఒక్క దేవుని పీఠమునకు ఇద్దరు హక్కుదారులు.

నడుమ మక్లే అను ఆంగ్లేయుడు 1819 మొదలు 1821 వరకు ఈ పురుగులను పరిశీలించి, సృష్టియంతయు ఐదేసి వర్గములుగా వలయములుగా నున్నదని సిద్ధాంతము చేసెను. కొంతకాలము పలువురు నమ్మిరి. మన పంచభూతములు, పంచేంద్రియములు ఆయనకు తెలిసియున్నచో ఇంకెంత సంతోషించియుండెడివాడో! ఆ సిద్ధాంతము నిలువలేదు.

తగవు తీర్చినది ధర్మశాస్త్రము. 1842లో ఇంగ్లండున పేర్లకు నియమములు కూర్చిరి. 1905లో అంతర్జాతీయ నియమములు వెలువడెను. ముందు పెట్టిన పేరే నిలుచును. 1758 నాటి లినేయసు గ్రంథమే మొదలు. ఇంటిపేరు మారవచ్చును గాని, దత్తుపోయిన పిల్లవానివలె సొంతపేరు వెంట వచ్చును. ప్రతి యింటిపేరునకు మూలపురుషునివలె ఒక జాతియుండవలెను, ప్రతి జాతిపేరునకు ఆధారముగా ఒక నమూనాపురుగుండవలెను. స్కరబేయస్ ఇంటికి మూలపురుషుడు సాకెర్ అని తేలెను గనుక పాతపేరు తిరిగివచ్చెను. మరి అట్యూకస్? ఆ పేరు వెబర్ వర్ణించిన అమెరికా పురుగునకు స్థిరపడి, సముద్రము దాటిపోయెను. పచ్చనిదానికిని న్యాయము జరిగెను. 1940లో జాన్‌సెన్స్ దాని దాయాదులను వేరుచేసి ఖెపెర్ అను ఇంటిపేరే పెట్టెను. అది వేరిల్లా, స్కరబేయస్ ఇంటిలో నొక గదియా యని పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు.

నియమములలో నాకు మిక్కిలి నచ్చినది మరొకటి కలదు. పేరు అర్థమునకు తగియుండలేదని దానిని త్రోసివేయరాదు. ఇది మన ఆలంకారికులు చెప్పిన రూఢియే. కుశలుడనగా దర్భలు కోయువాడని వ్యుత్పత్తి. నేర్పరికి ఆ మాట వాడునపుడు దర్భలెవ్వరికిని గుర్తురావు. అట్లే సాకెర్ పూజలందెనా లేదా యని విచారింప పనిలేదు. ఆ పేరు ఆ పురుగును చూపిన చాలును.

ఫ్రాన్సున ఫాబ్ర్ అను బడిపంతులుండెను. ఆయన 1879లో వెలువరించిన కీటకస్మృతుల మొదటి సంపుటము ఈ పురుగుతోనే మొదలగును. ఎండలో పొలములలో బోర్లపడుకొని చూచి చూచి, దొర్లించుకొనిపోవు ఉండ ఆహారమే గాని అందు గ్రుడ్డుండదనియు, ఆడుపురుగు నేలలో బేరిపండు ఆకారమున వేరొక ముద్దచేసి దాని సన్నని కొనలో గ్రుడ్డు పెట్టుననియు తేల్చెను. ఆ ముద్దను ఆయనకు మొదట తెచ్చి చూపినవాడు ఒక గొఱ్ఱెలకాపరి. పంతులు చూచెను. (నేను చూడలేదు.) హోరాపోలో మాటలతో వచ్చిన వేలయేండ్ల కథ దానితో ముగిసెను. ఇంతయు చేసిన ఫాబ్ర్ పేరులో మాత్రము పొరబడెను. ఆయన పవిత్రకీటకమని వ్రాసినది సాకెర్ కాదనియు, దాని దాయాదియైన టైఫన్ అను జాతియనియు తరువాతివారు నిర్ణయించిరి. గ్రీకులు ఈజిప్టు రాక్షసదేవుడైన సేతునకు పెట్టిన పేరు టైఫన్! అయినను ఆయన చూచినది చూచినట్లే నిలిచియున్నది.

నా పొరబాటు నాకు తెలిసినది చాల యేండ్లకు. ఒక గ్రంథాలయములో ఆరో అనునాయన మన దేశపు పేడపురుగులను గూర్చి 1931లో ప్రకటించిన సంపుటము చేతికి దొరకెను. స్కరబేయస్ ఇంటివారు మన దేశమునను ఉన్నారు. కాని ఉండలు దొర్లించువారిలో గిమ్నోప్లూరస్ అని మరియొక యింటివారు కలరు. 1803లో ఇల్లిగర్ పెట్టిన పేరిది, 'ప్రక్క కప్పులేనిది' యని యర్థము. భుజము దిగువ రెక్కతొడుగు అంచు నొక్కుపడి ప్రక్కభాగము బయటికి కనబడును. వీనికి ముందుకాళ్ళ వ్రేళ్ళు కలవు, మిక్కిలి సన్ననివి.

పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. ఆ బాలుని పేరు నాకు జ్ఞాపకమున్నది, ఇక్కడ చెప్పను. వాడు ఎనిమిదవ తరగతితో చదువు మానెను. ఏ ఊరనున్నాడో తెలియదు. ఈ మాటలు వానికి వినబడుచున్నచో, నాయనా, నీ కన్నులు సరిగనే చూచినవి.

ఆ పురుగు గిమ్నోప్లూరస్ ఇంటిది యైయుండునని వాడు చెప్పిన వ్రేళ్ళనుబట్టి ఊహింతును. నిశ్చయముగా చెప్పవలెనన్నను, అందు ఏ జాతియో చెప్పవలెనన్నను రెక్కతొడుగు అంచును, కాళ్ళను భూతద్దముతో చూడవలెను. అందుకు ఆ అగ్గిపెట్టె నాయొద్ద లేదు.