వేలు పెడితే వంత పాడే పెట్టె

1986లో మా చిన్నమావయ్య కువైట్ నుంచి సెలవుకి వచ్చాడు. పెట్టెలోంచి తీసిన వాటిలో టేపురికార్డరు అమ్మమ్మకి, చీరలు ఆడవాళ్లకి, సబ్బులు వీధిలో అందరికీ వెళ్లిపోయాయి. అడుగున మిగిలిన పొడుగాటి అట్టపెట్టె జోలికి మాత్రం ఎవరూ పోలేదు. విప్పితే హార్మోనియం మెట్లలాంటి మెట్లున్నాయి గానీ తిత్తి లేదు. మావయ్య బ్యాటరీలు వేసి, ఎడమచేతి చూపుడువేలు ఒక మెట్టు మీద పెట్టి ఊరుకున్నాడు. లోపలినుంచి డ్రమ్ములు మోగాయి, వాటి కింద బేస్ గిటారు నడక మొదలైంది. వేలు పక్క మెట్టుకి జరిపితే మేళమంతా దానితోపాటే జరిగింది. పద్యనాటకాలకి జీవితమంతా హార్మోనియం వాయించిన మా తాతయ్య అరుగు మీంచి లేచొచ్చి, వంగి పెట్టె వెనక్కి చూసి, "వాయించేవాడు ఏడిరా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబు నాకు చాలా ఏళ్లకి గానీ దొరకలేదు. క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డు 1981లో మార్కెట్లోకి వచ్చింది. దానికి ఈ ఏడాదితో 45 ఏళ్లు. తెలుగు ఇళ్లలో ఏ కంపెనీ కీబోర్డు కొన్నా దాన్ని 'క్యాసియో' అనే అంటాం కాబట్టి ఈ పుట్టినరోజు మనకీ అంతో ఇంతో చెందుతుంది. నాకు మాత్రం దానిలో రిథమ్ వాయించి పెట్టిన మనిషి ఎవరో చెప్పుకోవడానికి ఇదొక సందర్భం.

దానంతట అది పాడే వాద్యం మీద మనిషికి మోజు ఈనాటిది కాదు. 9వ శతాబ్దంలోనే బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు నీటి బలంతో పనిచేసే వేణువు గురించి రాసిపెట్టారు. మేకులు దిగ్గొట్టిన దిమ్మ తిరుగుతుంటే ఆ మేకుల వరసను బట్టి రంధ్రాలు తెరుచుకుంటాయి. 1502 నాటి యాంత్రిక ఆర్గాన్ ఒకటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ కోటలో ఉంది. ఆ తర్వాత ఐరోపా వీధుల్లో పిడి తిప్పితే పాడే పెట్టెలు వచ్చాయి. ఇవన్నీ పాడతాయి గానీ వంత పాడలేవు. బుర్రకథలో వంతలిద్దరూ కథకుడి నోటివైపే చూస్తుంటారు. ఆయన ఎక్కడ ఆపితే అక్కడ అందుకుంటారు, ఎటు తిప్పితే అటు తిరుగుతారు. వంత పాడటమంటే ముందు వినడం. మేకుల దిమ్మకి చెవులు లేవు.

యంత్రానికి చెవి దొరికింది ఎడమచేతి వైపునుంచి. అకార్డియన్‌కి ఎడమపక్క ఉండే వరసల్లో ఒక్క బటన్ నొక్కితే చాలు, మూడు స్వరాల కార్డ్ మొత్తం పలుకుతుంది. అమెరికాలో హమ్మండ్ కంపెనీ 1950లో ఇలాంటి బటన్లతోనే ఇళ్ల కోసం కార్డ్ ఆర్గాన్ తెచ్చింది. 1959లో వుర్లిట్జర్ కంపెనీ తాళం వేసే యంత్రం 'సైడ్‌మ్యాన్' తెచ్చింది. చిన్న బీరువా లాంటి ఆ పెట్టెలో గుండ్రటి పలక, దాని మీద లోహపు బొడిపెలు, శబ్దం పుట్టించడానికి వాక్యూమ్ ట్యూబులు. మీట తిప్పితే వాల్ట్జ్, టాంగో లాంటి 12 తాళాలు. ఒకటి స్వరానికి, ఒకటి తాళానికి. 1970లలో లౌరీ లాంటి కంపెనీలు రెంటినీ ఒకే ఆర్గాన్‌లో పెట్టాయి. కానీ అది గదిలో సగం ఆక్రమించే సామాను.

ఇంతలో టోక్యోలో ఒక సంగతి జరిగింది. షింజుకు పేటలో సుతోము కాటో అనే ఆయనకి ఒక నైట్‌క్లబ్బు ఉండేది. అక్కడ తదాషి ఒసానాయ్ అకార్డియన్ వాయించేవాడు. పక్కన డ్రమ్ములకి మనిషి లేడు, సైడ్‌మ్యానే దిక్కు. ఒసానాయ్ ఇంజినీరింగ్ చదివినవాడు. రోజూ రాత్రి దాని పక్కన కూర్చుని వాయిస్తుంటే దాని లోపాలన్నీ చెవికి తెలిసిపోయాయి. ఇంతకన్నా మంచిది నేను చేస్తానన్నాడు. కాటో డబ్బు పెట్టాడు. అలా 1963లో 'డొంకామాటిక్' పుట్టింది. 'డొన్' అంటే పెద్ద డోలు దెబ్బ, 'కా' అంటే పుల్ల అంచున తగిలిన చప్పుడు. మనం 'ధిం' 'తక' అన్నట్టే. ఆ యంత్రం పేరు కుదించి, స్టూడియోలో లయ తప్పకుండా చెవిలో మోగే టిక్కుటిక్కు శబ్దాన్ని జపాన్ వాద్యకారులు 'డొంకామా' అంటారు. దాన్ని తయారుచేయడానికి వాళ్లు పెట్టిన కంపెనీయే తర్వాత కోర్గ్ అయింది. ఒక వాద్యకారుడు తన పక్కవాద్యం మీద అసంతృప్తితో మొదలుపెట్టిన పని అది. అందుకే నాకు ఇష్టం.

క్యాసియో కథ వేరు. కషియో సోదరులు నలుగురు. వాళ్ల పేరు తెచ్చినవి లెక్కల యంత్రాలు. 1957లో రిలేలతో పనిచేసే కాలిక్యులేటర్ చేశారు, 1972లో జేబులోకొచ్చే ధరకి తెచ్చారు. వాళ్లలో తోషియోకి సంగీతమంటే ప్రాణం. వాయించడం రానివాళ్లకి కూడా వాద్యం అందాలని ఆయన కోరిక. 1980లో మొదటి 'క్యాసియోటోన్' వచ్చింది. లెక్కలు చేసే చిప్పు చేతిలో ఉన్న కంపెనీకి సంగీతం తెలిసిన మనిషి కావాలి. ఆ ఏడాదే కునిటాచి సంగీత కళాశాలలో చదువు ముగించిన హిరోకో ఒకుడా అనే అమ్మాయి ఉద్యోగంలో చేరింది.

ఒకుడా కళాశాలలో పరిశోధన వ్యాసం రాసింది రెగే మీద. జమైకా ద్వీపపు పాటల మీద, టోక్యోలో, 1970ల చివర. 1979లో రెగే గాయకుడు బాబ్ మార్లే జపాన్‌లో కచేరీలు చేశాడు. అది రెగే వెర్రి కొత్తగా అంటుకుంటున్న కాలం. ఆ చెవితో వచ్చిన అమ్మాయికి కంపెనీ ఇచ్చిన మొదటి పనుల్లో ఒకటి ఎంటీ-40కి తాళాలూ వాటి కింద నడిచే బేస్ వరసలూ కట్టడం. ఆ కీబోర్డుకి 37 మెట్లు, ఎడమపక్క బేస్ కోసం 15 బుల్లి మెట్లు, ఆరు తాళాలు. ఆ రోజుల్లో చిప్పులో జాగా బహు తక్కువ. ఒకటి రెండు ఆవృతాల్లో చెప్పవలసిందంతా చెప్పెయ్యాలి. పైగా ఎవరు ఏ పాట వాయించినా కింద ఇమిడిపోవాలి, ఎన్నిసార్లు తిరిగొచ్చినా విసుగు రాకూడదు. నాటకంలో రాగం ముగిసేదాకా శ్రుతి పట్టి కూర్చోవడమెంత కష్టమో మా తాతయ్యని చూసి నాకు తెలుసు. తక్కువ వాయించి నిలబెట్టడం పెద్ద విద్య. ఒకుడా 'రాక్' అనే బటన్ కోసం ఒక వరస కట్టింది. రెగే అని పేరు పెట్టలేదు, రెగే కట్టాలనీ అనుకోలేదు. కానీ ఆ నడకలో స్వరాల మధ్య ఖాళీలు ఎక్కువ, బేస్‌దే పెత్తనం. ఆమె విన్నదంతా ఎక్కడికి పోతుంది?

నాలుగేళ్ల తర్వాత భూమికి అవతలివైపు, జమైకాలోని కింగ్‌స్టన్‌లో, నోయెల్ డేవీ అనే వాద్యకారుడి దగ్గర ఒక ఎంటీ-40 ఉంది. అతనూ గాయకుడు వేన్ స్మిత్ కలిసి దాన్ని కెలుకుతుంటే ఆ 'రాక్' వరస పట్టుబడింది. కీబోర్డు పట్టుకుని వాటర్‌హౌస్ పేటలో కింగ్ జామీ అనే నిర్మాత ఇంటి స్టూడియోకి వెళ్లారు. జామీ చేసింది ముఖ్యంగా ఒకటే, టెంపో తగ్గించాడు. దాని మీద పియానో, చప్పట్లు కలిపాడు. టోక్యోలో పడుకున్న రెగే కింగ్‌స్టన్‌లో లేచి కూర్చుంది. పాట పేరు 'అండర్ మీ స్లెంగ్ టెంగ్'.

జమైకాలో రెండు మైకు బృందాలు ఎదురెదురుగా పెద్దపెద్ద స్పీకర్లు పేర్చి పోటీపడతాయి. మన తిరునాళ్లలో పక్కపక్క ప్రభల మీద మేళాలు పోటీపడినట్టు ఊహించుకోండి. 1985 ఫిబ్రవరిలో అలాంటి పోటీలో బ్లాక్ స్కార్పియో బృందం మీదికి జామీ ఈ పాట వదిలాడు. ఆ రాత్రి నుంచి ఆ ద్వీపం సంగీతం మలుపు తిరిగింది. అంతవరకు స్టూడియోలో నలుగురైదుగురు కూర్చుని వాయిస్తే గానీ సాధారణంగా పాటకి తాళం వచ్చేది కాదు. ఆ తర్వాత యంత్రాలు వచ్చి కూర్చున్నాయి. అలా పని పోయిన బేస్ వాద్యకారుల్ని తలుచుకుంటే నాకు బాధే. కానీ ఆ ఒక్క వరస మీద వందల పాటలు పుట్టాయన్నదీ నిజం. టోక్యోలో ఒకుడాకి ఈ సంగతి ఏడాది దాటాక ఒక సంగీత పత్రిక చదువుతుంటే తెలిసింది. పెట్టె మీద ఆమె పేరు లేదు, పాట మీదా లేదు. ఆమె ఆ కంపెనీలోనే కొత్త వాద్యాలు చేసుకుంటూ దశాబ్దాలు గడిపింది.

ఆ తర్వాతి కథని వరసగా చెప్పడం కష్టం. ఎవరి ఊళ్లో వాళ్లు ఒక దారి తీశారు. యమహా చిన్న కీబోర్డులు పోర్టాసౌండ్లు అప్పటికే వచ్చాయి. ఒక మెట్టు నొక్కితే మేజర్, దానితో ఎడమపక్క నల్లమెట్టు కలిపితే మైనర్ అనే సులువు పిల్లలకి సైతం అర్థమైంది. ఇటలీలో అకార్డియన్లు చేసే అడ్రియాటిక్ తీరమే అరేంజర్ కీబోర్డులకీ పుట్టిల్లయింది. జపాన్ కంపెనీ రోలాండ్ అక్కడ కర్మాగారం పెట్టి 1988లో ఈ-20 తెచ్చింది. ఎత్తుగడ, నడక, మలుపు, ముగింపు, ఒక్కోదానికి ఒక్కో బటన్. అరబ్బులు, టర్కులు తమ అరస్వరాల మధ్య పలుకులు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. మనకోసం భారతీయ తాళాలతో కీబోర్డులు వచ్చాయి. ఆదితాళం పాటలు, తిశ్రగతి పాటలు వాటిలో ఇమిడాయి. మిశ్రచాపు అడిగితే చాలా పెట్టెలు ఇప్పటికీ నోరెత్తవు. గమకానికి ఒక చక్రం ఉంది, అది వీణ మెట్టు మీద తీగ లాగడమంత నమ్మకంగా పలకదు.

పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో మాత్రం ఈ పెట్టె స్థిరపడింది. పల్లెటూరి చర్చిలో డోలక్ పట్టేవాడు కూలికో కాలేజీకో వెళ్లిపోయినా ఆదివారం ఆరాధన ఆగలేదంటే చాలాచోట్ల కారణం ఇదే. ఇప్పుడు ఫోన్లోనే తాళం వేసుకునే యాప్‌లున్నాయి. యమహా జెనోస్ లాంటి పెద్ద వాద్యంలో నిజమైన వాద్యకారులు వాయించగా రికార్డు చేసిన గిటార్లు, డ్రమ్ములు ఉంటాయి. అన్నీ వచ్చాక ఏది ఎవరిదో విడదీయలేని కాలమిది.

మొన్న సంక్రాంతికి తాడేపల్లిగూడెంలో ఒక కీబోర్డు వాద్యకారుడి ఇంటికెళ్లాను. నాలుగు జిల్లాల ఆర్కెస్ట్రాలకి తాళాలు తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాడు. డాబా మీద నెగడు వేసుకుని డప్పు వెచ్చబెడుతున్నారు. వాళ్లన్న కొడతాడు, ఇతను రికార్డు చేస్తాడు. మూడుసార్లు కొట్టించి, "అన్నా, చివరి దెబ్బ కొంచెం ఆగి పడాలి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అతుకు తెలిసిపోతది" అన్నాడు. ఆయన డప్పు మళ్లీ మంటకి చూపించి, వేలితో మీటి చూసుకుని, నాలుగోసారి ఎత్తుకున్నాడు.