మందుని తోడి పారబోసే పంపు

పోయినేడాది నాన్నకి ఆపరేషన్ అయ్యాక పొట్టలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం తగ్గలేదు. ఆస్పత్రిలో నా చేతికి కల్చర్ రిపోర్టు ఇచ్చారు. ఎడంపక్క మందుల పేర్లు, కుడిపక్క ఒక్కో అక్షరం. 'ఎస్' అంటే ఆ మందుకి బాక్టీరియా లొంగుతుంది, 'ఆర్' అంటే లొంగదు. పేజీ అంతా 'ఆర్'లే, 'ఎస్'లు మూడే. మన టెస్ట్ రిపోర్టు ఇలా వస్తే రిలీజు ఆపేస్తాం. అక్కడ ఆపడానికేముంది?

ఆ 'ఆర్'ల్లో టెట్రాసైక్లిన్ ఒకటి. దానికీ మనకీ చుట్టరికం ఉందండోయ్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు, డెబ్భై దాటిన బెంజమిన్ డగ్గర్ అక్కడ 1945లో ఆరియోమైసిన్ కనిపెట్టాడు. మిస్సోరీ యూనివర్సిటీ పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసిందది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే పెద్దబిడ్డ. 1948లో దాని సంగతి లోకానికి చెప్పారు, ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు.

ఎన్నాళ్ళో పట్టలేదు. 1950ల్లోనే జపాన్‌లో జిగట విరేచనాల బాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకి లొంగడం మానేసింది. అందులో టెట్రాసైక్లిన్ కూడా ఉంది. మందుని లోపలికి రానివ్వట్లేదేమో అనుకున్నారు. మన భాషలో ఫైర్‌వాల్ అన్నమాట.

1980లో బోస్టన్‌లోని టఫ్ట్స్ యూనివర్సిటీలో లారా మెక్‌మర్రీ, స్టూవర్ట్ లెవీ వాళ్ళు ఒక తమాషా చేశారు. మొండి ఈ.కోలై పొరని చొక్కా తిరగేసినట్టు తిరగేసి బుల్లి సంచులు తయారుచేశారు. ఆ సంచులు శక్తి ఖర్చుపెట్టి మరీ మందుని లోపలికి లాక్కున్నాయి. తిరగేసినది లోపలికి లాగుతోందంటే, తిరగెయ్యనిది బయటికి తోస్తోందనేగా! చిల్లుపడ్డ పడవలో నీళ్ళు తోడి పోసినట్టు, వచ్చిన మందుని వచ్చినట్టే పారబోస్తోంది.

మరి ఆ పంపుకి అడ్డం పెడితే? 1981లో వచ్చిన ఆగ్మెంటిన్ అలాంటిదే. అమాక్సిసిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైముని అందులోని క్లావులానిక్ యాసిడ్ అడ్డుకుంటుంది. పంపుల మీదా అదే ఎత్తు వేశారు. సర్పగంధి వేరు నుంచి వచ్చే బీపీ మందు రిసర్పిన్, స్టెఫిలోకాకస్ పంపుని ఆపుతుందని 1990ల్లో తేలింది. కానీ అందుకు కావలసిన మోతాదు మనిషి తట్టుకోలేడు. 2001లో సూడోమోనాస్ పంపుల్ని ఆపే ఇంకో పదార్థం బయటపడింది. దానికి కిడ్నీల దగ్గర చుక్కెదురైంది. పైగా ఇలాంటి పంపులు మన కణాల్లోనూ ఉన్నాయి. బాక్టీరియాకేమో ఒకటి ఆగితే పనిచేసే పంపులు ఇంకో నాలుగు, మన సర్వర్లకుండే రిడండెన్సీ లాగా. ఇవాళ్టిదాకా పంపుని ఆపే మందు ఒక్కటీ ఆస్పత్రి గడప తొక్కలేదు.

ఇహ మిగిలింది వర్క్అరౌండ్, పంపు పట్టుకి దొరక్కుండా మందునే మార్చడం. లెడర్లీని కలిపేసుకున్న వైయెత్ కంపెనీ నుంచి 2005లో టైగీసైక్లిన్ వచ్చింది. లెవీ మరొకరితో కలిసి పెట్టిన కంపెనీ నుంచి 2018లో ఒమడాసైక్లిన్ వచ్చింది. అయినా సూడోమోనాస్ టైగీసైక్లిన్‌ని కూడా తోడి పారబోస్తుంది.

నాన్న రిపోర్టులో మిగిలిన మూడు 'ఎస్'ల్లో టైగీసైక్లిన్ ఒకటి. దాంతోనే జ్వరం దిగింది. ఆరియోమైసిన్‌కి మనవరాలి వరస మందు మా నాన్నని ఇంటికి పంపింది.

ఇందులో నా పాపమూ ఉంది. జలుబు చేస్తే మెడికల్ షాపుకెళ్ళి మూడు అజిత్రోమైసిన్ బిళ్ళలు అడిగి మింగేవాణ్ణి, డెడ్‌లైన్ ఉందని. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి ఆ బిళ్ళతో పనే లేదు. మింగిన ప్రతిసారీ ఒంట్లో పంపు లేని బాక్టీరియా చచ్చి, ఉన్నవి మిగిలి పిల్లల్ని పెడతాయి. పంపుని ఆపే మందు ఎప్పుడొస్తుందో గానీ, డాక్టరు రాయందే ఆ బిళ్ళ అడక్కపోవడం నా చేతిలో పనే. మీ చేతిలోనూ.