‘కార్తికేయ 2’ లాభం ఎంత? గ్రాస్‌కూ షేర్‌కూ మధ్య లెక్క

2022 ఆగస్టు 13న విడుదలైన ‘కార్తికేయ 2’ వసూళ్ల గురించి ఎవరినడిగినా 120 కోట్లనే చెబుతారు. చందూ మొండేటి దర్శకత్వంలో నిఖిల్ నటించిన ఈ సాహస చిత్రం 2014 నాటి ‘కార్తికేయ’కు రెండో భాగం. పీపుల్ మీడియా ఫ్యాక్టరీ, అభిషేక్ అగర్వాల్ ఆర్ట్స్ కలిసి నిర్మించాయి. పెట్టుబడి 15 కోట్లని కొందరు, 30 కోట్ల దాకా అయిందని మరికొందరు రాశారు. 120ని 15తో భాగించి ‘ఎనిమిది రెట్లు’ అనేయడం మామూలైపోయింది. సినిమా పెద్ద విజయం సాధించిందనడంలో నాకు అనుమానం లేదు. అనుమానమంతా ఆ భాగహారం మీదే.

మన దేశంలో సినిమా వసూళ్లను తనిఖీ చేసి ప్రకటించే స్వతంత్ర వ్యవస్థ లేదు. పోస్టర్ మీది అంకె నిర్మాతలు చెప్పినది. ట్రేడ్ వర్గాల అంకెలు డిస్ట్రిబ్యూటర్లనూ థియేటర్లనూ అడిగి కట్టిన అంచనాలు. అందువల్ల ఒకే అంకెను పట్టుకుని వేలాడటం కన్నా, అంకె కాస్త అటూ ఇటూ అయినా ఏ నిర్ధారణ నిలబడుతుందో చూడటం మేలు.

120 కోట్లు గ్రాస్, అంటే ప్రేక్షకులు టికెట్లకు చెల్లించిన మొత్తం. అప్పట్లో 100 రూపాయల లోపు టికెట్‌పై 12 శాతం, అంతకు మించితే 18 శాతం జీఎస్టీ ఉండేది. అది పోతే నెట్. నెట్‌లోంచి సింగిల్ స్క్రీన్‌కు అద్దె, మల్టీప్లెక్స్‌కు దాని శాతం పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. నెట్‌లో సగం షేర్ అవుతుందన్న స్థూల లెక్క వేస్తే 120 కోట్ల గ్రాస్‌కు షేర్ 50 కోట్ల పైచిలుకు తేలుతుంది. పోస్టర్ అంకెలో ఐదో వంతు అతిశయోక్తి అనుకుని తీసేసినా 40 కోట్లకు తగ్గదు. 50 కోట్ల పైచిలుకు షేర్‌ను 15 కోట్ల పెట్టుబడితో పోలిస్తే దాదాపు మూడున్నర రెట్లు, 30 కోట్లతో పోలిస్తే, అదీ తగ్గించిన షేర్‌తో, 1.3 రెట్లు. ప్రచార వ్యయం, వడ్డీలు ఇంకా ఇందులోంచి పోవాలి. వడ్డీ చిన్న విషయమేమీ కాదు. 2020 మార్చిలో పూజ జరుపుకున్న సినిమా కరోనా కాలమంతా సాగి, విడుదల తేదీ ఒకటికి రెండుసార్లు మారాక గానీ తెర మీదికి రాలేదు. ఇన్ని కోతలు వేసుకున్నా థియేటర్ల ఆదాయంతోనే పెట్టుబడి వెనక్కి వచ్చిందన్న నిర్ధారణ చెదరదు. ఎనిమిది రెట్లన్న మాటకు మాత్రం ఏ వైపు నుంచీ ఆధారం దొరకదు.

మరి ఆ లాభం ఎవరిది? తెలుగు థియేటర్ హక్కుల విలువ 12, 13 కోట్ల ప్రాంతంలో ఉందని అప్పటి ట్రేడ్ అంచనా. అంత తక్కువ ధరకు కొన్నవారికి బ్రేక్ ఈవెన్ దాటడం తేలికైంది. పూర్తిగా అమ్మేసిన ఏరియాలో ఆ పైన వచ్చిందంతా కొన్నవారిదే. కనీస మొత్తానికి హామీ తీసుకుని, అంటే మినిమమ్ గ్యారంటీ మీద ఇచ్చిన చోట ఖర్చులూ కమిషనూ పోయాక ఆ పైన మిగిలే ఓవర్‌ఫ్లో నిర్మాతకు కూడా వస్తుంది. ఒప్పందం ఏ తీరుదో తెలిస్తే తప్ప, షేర్‌లోంచి పెట్టుబడి తీసేసి మిగిలింది నిర్మాత లాభమనడం సరికాదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది హిందీ వెర్షన్. మొదటి రోజు యాభై పైచిలుకు షోలతో మొదలై, నెట్ 7 లక్షలకు అటూ ఇటూగా వచ్చిందని ట్రేడ్ లెక్క. మౌత్ టాక్‌తో స్క్రీన్లు రోజురోజుకూ పెరిగి వెయ్యి వరకూ వెళ్లాయి. చివరికి నెట్ 31 కోట్ల దగ్గర ఆగింది. ఇక్కడ చాలామంది గమనించని సంగతొకటుంది. 2009లో కుదిరిన ఒప్పందం ప్రకారం మల్టీప్లెక్సుల్లో డిస్ట్రిబ్యూటర్ వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. ఆరంభంలోనే కుమ్మేసే సినిమాకు ఇది అనుకూలం. మెల్లగా ఎక్కే సినిమాకు జనం పెరిగేకొద్దీ వాటా తరుగుతుంది. ‘కార్తికేయ 2’ హిందీ వసూళ్లలో పెద్ద భాగం మొదటి వారం తర్వాతిదే. సగటున 40 శాతం అనుకుంటే 31 కోట్ల నెట్‌కు 12 కోట్ల పైన షేర్, అందులోంచి ప్రచారం, కమిషన్ పోవాలి. పత్రికల్లో కనిపించిన సంచలనంతో పోలిస్తే ఇది తక్కువే. కానీ దాదాపు ఏమీ ఆశించని చోటి నుంచి వచ్చింది.

ఈ విజయాన్ని సీక్వెల్ అన్న పేరుకు కట్టబెట్టవచ్చా? తెలుగులో మొదటి భాగం మీది అభిమానం ఓపెనింగ్స్‌కు తోడ్పడి ఉండాలి. హిందీలో ఆ వాదన నిలవదు. ‘కార్తికేయ’ అక్కడి థియేటర్లు చూసిన సినిమా కాదు. కృష్ణుడి కథాంశం, స్వాతంత్ర్య దినోత్సవపు సెలవు, వెనువెంటనే జన్మాష్టమి, ఆగస్టు 11న వచ్చిన ‘లాల్ సింగ్ చడ్డా’, ‘రక్షాబంధన్’ నిరాశపరచడం, అన్నీ ఒకే పక్షంలో కలిసొచ్చాయి. ఒక్క సినిమా ఆధారంగా వీటిలో దేని పాలు ఎంతో విడదీయలేం.

సీక్వెల్ పేరు మీద అతిగా ఆధారపడితే ఏమవుతుందో హాలీవుడ్‌లో చూడొచ్చు. ఇండియానా జోన్స్ నాలుగో భాగం 2008లో సుమారు 18.5 కోట్ల డాలర్ల పెట్టుబడితో 79 కోట్ల డాలర్ల గ్రాస్ తెచ్చింది. 2023 నాటి ఐదో భాగం ‘డయల్ ఆఫ్ డెస్టినీ’కి దాదాపు 30 కోట్ల డాలర్లు ఖర్చయిందని వార్తలు. గ్రాస్ 38 కోట్ల డాలర్ల పైన. సగం షేర్ అనుకుంటే 19 కోట్లు, నిర్మాణ వ్యయానికే చాలవు. గ్రాస్‌ను బట్టి చూస్తే ‘కార్తికేయ 2’ దాని ముందు చాలా చిన్నది. వ్యయం చిన్నది కావడమే దాన్ని నిలబెట్టింది.

2022 అక్టోబరు 5 నుంచి ఈ సినిమా జీ5లో ప్రసారమైంది. ఆ డిజిటల్ హక్కులు, శాటిలైట్ హక్కులు ఈ లెక్కలో చేరలేదు. అవి కలిస్తే నిర్మాతల స్థితి ఇంకా మెరుగ్గానే ఉంటుంది. మూడో భాగం వస్తే మాత్రం ఈసారి డిస్ట్రిబ్యూటర్లకు దక్కిన సౌకర్యం దొరకడం కష్టం. 120 కోట్లన్న పేరును చూసే హక్కుల ధర కడతారు. అప్పుడు కొన్నవారి మిగులు ముందే నిర్మాత చేతికి వెళుతుంది, నష్టభయం కొన్నవారి మీద పడుతుంది.